ఘటోత్కచుడి ఎముకలు: సినిమా, సైన్సు చదువు, సాంకేతికత
(కొడవటిగంటి కుటుంబరావు స్మారక ఉపన్యాసం)



కుటుంబరావుగారి స్మృతిలో మాట్లాడేవాళ్లు సాధారణంగా ఆయన కథల గురించో నవలల గురించో మాట్లాడతారు. అది న్యాయమే. నేను మాత్రం ఆయన జీవితాంతం వదలని మరో రెండు ఆసక్తులను పట్టుకుంటాను. ఒకటి సినిమా, రెండోది సైన్సు. ఆయన 1909లో తెనాలిలో పుట్టారు. విజయనగరంలో భౌతికశాస్త్రం చదివారు. ఎమ్మెస్సీ కోసం కాశీ వెళ్లి, ఆర్థికమాంద్యం దెబ్బకి అది పూర్తికాకుండానే తిరిగొచ్చారు. ఆ కాలపు చదువులు మనుషుల్ని ఏం చేశాయో ‘చదువు’ నవలలో రాశారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ను నడిపించారు. మరోపక్క సినిమా మీద ఒక సంపుటానికి సరిపడా, సైన్సు మీద ఇంకో సంపుటానికి సరిపడా వ్యాసాలు రాశారు. 1947లో ‘చందమామ’ మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసినవాళ్లు కూడా. తెలుగు పిల్లల ఊహల్లో తిరిగే రాక్షసులూ మాంత్రికులూ చాలామంది ఈ ఒక్క గూటి నుంచే వచ్చారు, కొందరు అచ్చులో, కొందరు తెర మీద.

భౌతికశాస్త్రం చదివిన మనిషి, మార్క్సిస్టు, విప్లవ రచయితల సంఘం (విరసం)లో పనిచేసిన రచయిత, ఏళ్ల తరబడి నెలనెలా బేతాళుణ్ణి చెట్టు మీంచి దింపించి విక్రమార్కుడి భుజాన వేయించారు. అదే చేత్తో సైన్సు వ్యాసాలు రాశారు. ఇందులో వైరుధ్యం ఉందని కొందరు అంటారు. లేదని నా అభిప్రాయం. ఎందుకు లేదో చెప్పడమే ఈ ఉపన్యాసంలో నా పని.

1

మన సినిమాల వల్ల పిల్లలకి శాస్త్రీయ దృష్టి అలవడటం లేదని చదువుకున్న ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. హీరో కాలితో తంతే నలుగురు గాల్లోకి లేస్తారు, జీపు పల్టీ కొడుతుంది, తన్నినవాడు మాత్రం నిలబడ్డచోటే ఉంటాడు. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం వాడు కూడా వెనక్కి పోవాలి కదా అని పదో తరగతి పిల్లవాడే అడుగుతాడు. వాడు అడుగుతున్నాడు కాబట్టే ఆ దృశ్యం గురించి నాకు దిగులు లేదు. అది అసాధ్యమని తీసినవాళ్లకి తెలుసు, చూసేవాళ్లకి తెలుసు, ఒకరికి తెలుసని ఇంకొకరికీ తెలుసు. ఆ ఒప్పందం మీదే టికెట్టు కొన్నాం. పాతాళభైరవి ప్రత్యక్షమైనా, బేతాళుడు కథ చెప్పినా ఇదే ఒప్పందం. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఆ మాటని అడ్డం పెట్టుకుని కల్పన మీద కత్తి ఎత్తడం తేలిక, కాని దానివల్ల ఎవరి దృష్టీ బాగుపడదు.

నా వాదం ఇది. సినిమా సైన్సుకి మేలు చేసిందా కీడు చేసిందా అన్నది, అది చూపించిన విషయం సాధ్యమా అసాధ్యమా అన్నదాన్ని బట్టి తేలదు. చూసి బయటికొచ్చినవాడు ‘ఇదెలా?’ అని అడగగలడా, అడిగితే వెదుక్కోవడానికి వాడికి దారి ఉందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ దారి చూపాల్సింది బడి. సినిమా ప్రతివారం అలాంటి ప్రశ్నలు వందల కొద్దీ ఉచితంగా ఇస్తోంది. మన బడి వాటిని గుమ్మం బయటే ఆపేస్తోంది.

2

ఒక్క ప్రశ్నని లోపలికి రానిస్తే ఏమవుతుందో చూద్దాం. భారతంలో ఘటోత్కచుడు కర్ణుడు వేసిన శక్తికి చనిపోతూ, ఒళ్లు పెంచి కౌరవసేన మీద పడ్డాడు. ఆ బరువు కింద సేన నలిగిపోయింది. ఎస్వీ రంగారావు రూపంలో ఘటోత్కచుణ్ణి ఎరగని తెలుగు పిల్లలు ఇప్పటికీ తక్కువే. మనిషి అంతగా పెరిగితే నిలబడగలడా? ఆరడుగుల మనిషి అరవై అడుగులు అయ్యాడనుకోండి. ఎత్తు పది రెట్లు, వెడల్పు పది రెట్లు, మందం పది రెట్లు. మూడూ కలిస్తే బరువు వెయ్యి రెట్లు. 70 కిలోల మనిషి 70 టన్నులవుతాడు. ఎముక ఎంత బరువు మోస్తుందన్నది దాన్ని అడ్డంగా కోస్తే కనపడే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఆ వైశాల్యం పెరిగింది వంద రెట్లే. బరువేమో వెయ్యి రెట్లు, మోసే ఎముకేమో వంద రెట్లు. ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా పది రెట్ల భారం పడుతుంది. మనిషి తొడ ఎముక దాదాపు పది రెట్ల బరువుకు విరుగుతుందని జె.బి.ఎస్. హాల్డేన్ ఒక వ్యాసంలో ఇదే లెక్క కట్టారు. అంటే ఘటోత్కచుడు మొదటి అడుగు వేయగానే కూలిపోతాడు. ఈ హాల్డేన్ ఎవరో కాదు, జన్యుశాస్త్రంలో మహా పండితుడు. ‘మాయాబజార్’ విడుదలైన 1957లోనే ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చి, ముందు కలకత్తాలోనూ తర్వాత భువనేశ్వర్‌లోనూ పనిచేసి, 1964లో అక్కడే కన్నుమూశారు.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు గెలీలియో. 1638లో అచ్చయిన పుస్తకంలో రెండు ఎముకల బొమ్మలు పక్కపక్కనే వేశాడు. పెద్ద ఎముక పొడవు చిన్నదానికి మూడు రెట్లయితే, దాని లావు అంతకు మించి పెంచి గీయాల్సి వచ్చింది. ఏనుగు కాలు స్తంభంలా ఎందుకుందో, జింక కాలు అంత సన్నగా ఎందుకుందో ఆ బొమ్మ చూస్తే తెలుస్తుంది. మన పిల్లలకి ఈ లెక్క చేతకాదా? తప్పకుండా చేతనవుతుంది. ఘనపరిమాణం, వైశాల్యం లెక్కల పుస్తకంలో ఉన్నాయి. ఎముకలు జీవశాస్త్రం పుస్తకంలో ఉన్నాయి. బలం, పీడనం భౌతికశాస్త్రంలో ఉన్నాయి. పదో తరగతి దాటేలోపు మూడూ చదువుతారు, మూడింట్లోనూ మార్కులు తెచ్చుకుంటారు. ఆ మూడూ ఒకచోట కలుసుకునే సందర్భం మాత్రం ఎవరూ కల్పించరు. ఘటోత్కచుడు కల్పిస్తాడు.

ఇదే లెక్కని కిందికి నడిపిస్తే 2012లో రాజమౌళి తీసిన ‘ఈగ’ దగ్గర తేలుతాం. శరీరం చిన్నదయ్యేకొద్దీ బరువు వేగంగా తగ్గుతుంది, పైచర్మం వైశాల్యం నెమ్మదిగా తగ్గుతుంది. అందుకని ఎంత ఎత్తు నుంచి జారినా ఈగకి దెబ్బ తగలదు, గాలే పట్టి ఆపుతుంది. దానికి అసలు ప్రమాదం తడవడం. స్నానం చేసి వచ్చిన మనిషి ఒంటి మీద అర కిలో నీళ్లుంటాయేమో, మనకి తెలియను కూడా తెలియదు. ఈగ తడిస్తే తన బరువుకి ఎన్నో రెట్లు మోయాలి. పగ తీర్చుకునే ఈగ కల్పనే. కాని ఆ కల్పనలో ఈగకి ఏది కష్టమో ఏది సులభమో ఆలోచించిన పిల్లవాడికి, బల్లి గోడ మీద ఎందుకు పాకగలదో, ఏనుగు ఎందుకు గెంతదో కూడా అందుతుంది.

1991లో వచ్చిన సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ని కూడా ఈ చూపుతోనే చూడమంటాను. కాలయంత్రం 1526లో రాయలవారి కొలువుకి వెళుతుంది, తర్వాత 2504కి వెళుతుంది. అక్కడ ప్రపంచయుద్ధం మిగిల్చిన రేడియేషన్‌కి భయపడి మనుషులు భూమి లోపల బతుకుతుంటారు. కాలయంత్రం సాధ్యమా అన్న చర్చతో క్లాసు గంట అయిపోతుంది, కాని ఏమీ తేలదు. దాని బదులు ఇంకో ప్రశ్న అడగండి. యుద్ధం జరిగి 300 ఏళ్లయిందనుకుంటే ఆ రేడియేషన్ ఇంకా ఉంటుందా? అణువిస్ఫోటనం తర్వాత నేలలో మిగిలే సీజియం-137 ముప్పై ఏళ్లకొకసారి సగమవుతుంది. 300 ఏళ్లంటే పది సార్లు సగం, అంటే 1024లో ఒక వంతు మిగులుతుంది. ప్లుటోనియం-239 సగమవడానికే 24 వేల ఏళ్లు పడుతుంది. కాబట్టి జవాబు, నేలలో ఏది ఎంత పడిందన్నదాని మీద ఉంటుంది. అర్ధాయువు అన్న మాటకి నిర్వచనం అప్పజెప్పే పిల్లలు మనకి లక్షల్లో ఉన్నారు. భూగర్భంలో దాక్కున్న మనుషులు ఎప్పుడు బయటికి రావచ్చో లెక్క కట్టిన పిల్లవాడు ఆ నిర్వచనాన్ని ఇక మరిచిపోడు.

3

ఇంతవరకూ విన్నవాళ్లు, అయితే సినిమాలో ఏం చూపించినా తప్పులేదంటారా అని అడగొచ్చు. అలా అనను. కీడు చేసే సినిమా ఉంది. అయితే అది మనం సాధారణంగా వేలెత్తి చూపే చోట లేదు.

పాము కాటు దృశ్యం తీసుకోండి. ఒక మనిషి కాలికి కాటు పడుతుంది. పక్కనున్నవాళ్లు తుండుగుడ్డ చింపి గట్టిగా బిగిస్తారు, కత్తితో గాటు పెడతారు, నోటితో విషం పీల్చి ఉమ్ముతారు. కాసేపటికి రోగి కళ్లు తెరుస్తాడు. ఇందులో రాక్షసుడు లేడు, మంత్రం లేదు, ఎగిరే జీపు లేదు. ఏ తెలివైన పిల్లవాడూ ఇది అబద్ధమని పట్టుకోలేడు, ఎందుకంటే ఇది అచ్చం నిజంలాగే ఉంది. వైద్యులు ఏం చేయొద్దంటారో అదే ఇందులో వరసగా ఉంది. గాటు పెడితే రక్తం పోతుంది, గాయం చీముపడుతుంది. నోటితో పీలిస్తే విషం రాదు, అది అప్పటికే కండలోకి పాకింది. బిగించి కడితే కాలు చచ్చుపడొచ్చు, కట్టు విప్పిన క్షణాన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోవచ్చు. చేయాల్సింది ఇంతే. ధైర్యం చెప్పడం, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా చూడడం, క్షణం వృథా చేయకుండా ఆసుపత్రికి చేర్చడం. మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికి కలిపి విరుగుడు మందు తయారవుతుంది. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన రక్షక పదార్థాన్ని వేరుచేసి ఆ మందు చేస్తారు. అందుకు కావలసిన విషంలో చాలా భాగం మహాబలిపురం దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాములు పట్టి తీసి ఇస్తున్నదే. ఇంత ఏర్పాటు ఉన్నా, 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏటా సగటున 58 వేలమంది పాము కాటుతో చనిపోయారని పరిశోధకుల అంచనా. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో పొలం పని చేసుకునేవాళ్లు. దీనికంతటికీ సినిమాయే కారణమని నేననను. ఆసుపత్రి దూరం, మందు కొరత, మంత్రగాడి మీద నమ్మకం, అన్నీ ఉన్నాయి. కాని కాటు పడ్డ నిమిషానికీ ఆసుపత్రి గుమ్మానికీ మధ్య ఉన్న సమయంలో మనిషి తను చూసిందే చేస్తాడు.

కాబట్టి నా కొలబద్ద ఇది. చూసినవాడు ఇంటికి తీసుకెళ్లి తన చేతులతో చేయగలిగే పని తెర మీద ఉంటే, అక్కడ దర్శకుడికి బాధ్యత ఉంది. మన్మోహన్ దేశాయి ‘అమర్ అక్బర్ ఆంథొనీ’లో ముగ్గురి చేతుల నుంచి రక్తం గొట్టాల్లో పైకి పాకి సీసాలో కలిసి, అక్కణ్ణించి తల్లి ఒంట్లోకి దిగుతుంది. భూమ్యాకర్షణ లేదు, రక్తం గ్రూపుల పరీక్ష లేదు. ఎంతో మంది ఈ దృశ్యాన్ని తప్పుపట్టారు. నేను పట్టను. దాన్ని ఇంట్లో ఎవరూ చేయబోరు. పైగా లాండ్‌స్టైనర్ 1901లో రక్తం గ్రూపుల సంగతి బయటపెట్టకముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లలో కొందరు బతికి కొందరు ఎందుకు చనిపోయేవారో చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. పాము కాటు దృశ్యానికి మాత్రం ఈ మినహాయింపు లేదు. అలాగని సెన్సారు బోర్డులో సైన్సు తప్పులు ఏరేవాళ్లని కూర్చోబెట్టమని అడగను. ఆ పెత్తనం మొదలైతే ముందు పోయేది ఘటోత్కచుడే. రచయితలు ఒక వైద్యుణ్ణి అడిగి రాస్తే సరిపోతుంది.

4

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సినిమాలో ఏం జరిగింది అన్న ప్రశ్న కంటే, దాన్ని ఎలా తీశారు అన్న ప్రశ్న సైన్సు చదువుకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది. సినిమా అనేదే వెలుగు, కటకం, రసాయనం, కాలం కలిసి చేసిన ప్రయోగం కదా.

‘మాయాబజార్’లోని వివాహ భోజనం దృశ్యంలో లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళతాయి. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పట్టిన సినిమా అది. కంప్యూటరు లేని కాలం. ఎలా తీసి ఉంటారు? క్లాసులో అడిగితే మూడు జవాబులు వస్తాయి. కంటికి కనపడని దారంతో లాగి ఉండొచ్చు. నోటి దగ్గర నుంచి కిందికి జారవిడిచి, ఆ ఫిలింను వెనక్కి నడిపి ఉండొచ్చు. కెమెరా ఆపడం, లడ్డూని కొంచెం జరపడం, మళ్లీ ఒక ఫ్రేము తీయడం, ఇలా ముక్కముక్కగా తీసి ఉండొచ్చు. మూడింట్లో ఏది నిజమో నేను చెప్పను. దాన్ని చూసి తేల్చే పద్ధతే నాకు ముఖ్యం. ప్రతి ఊహా తన గుర్తు వదులుతుంది. దారమైతే లడ్డూ ఊగుతుంది, ఎక్కడో ఒకచోట దారం మీద వెలుగు తళుక్కుమంటుంది. ముక్కముక్కగా తీసి ఉంటే లడ్డూ కదలిక జర్కులుగా ఉంటుంది, పక్కనున్న మనిషి కూడా వణికినట్టు కనిపిస్తాడు, ఎందుకంటే మనిషి అంతసేపు బొమ్మలా ఉండలేడు. ఫిలిం వెనక్కి నడిపి ఉంటే ఏం గుర్తు మిగులుతుంది? ఇక్కడ ఒక గొప్ప సంగతి ఉంది, దయచేసి ఒక్క నిమిషం దీని మీద నిలవండి. పైకి విసిరిన లడ్డూ గీసే దారీ, కిందపడే లడ్డూ గీసే దారీ ఒకటే. లడ్డూ ఒక్కదాన్నే చూస్తే ఫిలిం ముందుకి నడుస్తోందో వెనక్కి నడుస్తోందో న్యూటన్ కూడా చెప్పలేడు, ఆయన సూత్రాలు రెండు దిక్కులకీ ఒక్కలాగే వర్తిస్తాయి. అదే ఫ్రేములో అగరొత్తి పొగ ఉంటే మాత్రం దొంగ దొరికిపోతాడు. చెదిరిన పొగ మళ్లీ ఒకచోటికి చేరి ఒత్తిలోకి దూరడం ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదన్న ప్రశ్న వేసుకుంటే ఉష్ణగతిక శాస్త్రం రెండో సూత్రం గుమ్మంలో నిలబడ్డట్టే. ఇంటరు పిల్లలకి ఎంట్రోపీని నేర్పడానికి పడే తంటా ఉపాధ్యాయులందరికీ తెలుసు. లడ్డూతో మొదలుపెట్టండి.

‘మాయాబజార్’ వెన్నెల సంగతీ అంతే. పున్నమి వెన్నెల ఎండలో దాదాపు నాలుగు లక్షల వంతు. ఆ రోజుల ఫిలింకి అంత తక్కువ వెలుగు చాలదు. అందుకని వెన్నెల్లో తీస్తే వెన్నెల పడదు, దీపాలతో వెన్నెల చేయాలి. అది వెన్నెలే అని మన కంటిని ఒప్పించడానికి నీడలన్నీ ఒకే దిక్కుకి వాలాలి, నీళ్ల మీద మెరుపు వెనకనుంచి రావాలి. బార్ట్‌లీ కంటికి తెలిసిన ఈ సంగతులన్నీ కాంతి పాఠంలో ఉన్నవే.

సినిమా కదిలినట్టు కనిపించడానికి కారణమేమిటని పాఠ్యపుస్తకాన్ని అడిగితే ఏం చెబుతుంది? కంటిపొర మీద పడ్డ బొమ్మ సెకనులో పదహారో వంతు సేపు నిలిచిపోతుంది, అందుకే ఒక బొమ్మ తర్వాత ఇంకో బొమ్మ వస్తే కదిలినట్టు ఉంటుంది అంటుంది. తరతరాలుగా అప్పజెబుతున్న జవాబు ఇది. కొంచెం ఆలోచిస్తే నిలవదు. బొమ్మలు కంట్లో నిలిచిపోతూ ఉంటే ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోవాలి గాని, కదలిక ఎలా కనిపిస్తుంది? కదలికను కట్టేది మెదడు. 1912లో వెర్ట్‌హైమర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త, పక్కపక్కనున్న రెండు గీతల్ని ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే గీత కదిలినట్టు మనిషి చూస్తాడని ప్రయోగాలతో చూపించాడు. కంట్లో బొమ్మ కాసేపు నిలవడం వల్ల మనకి దక్కేది వేరు: వెలుగు మిణుకుమిణుకుమనకుండా ఉండడం. మాటల సినిమా వచ్చాక సెకనుకి 24 ఫ్రేముల వేగం స్థిరపడింది. అంతకంటే తగ్గితే ధ్వని చెడుతుంది, పెరిగితే ఫిలిం ఖర్చు. కాని సెకనుకి 24 మెరుపులు కంటికి మిణుకుతాయి. అందుకని ప్రొజెక్టరులో తిరిగే రెక్క ప్రతి ఫ్రేమునీ రెండుసార్లు చూపించేది. ఫ్రేములు 24, మెరుపులు 48. సినిమా హాల్లో ఆపరేటరు పక్కన నిలబడి చూసినవాడికి ఎదురుగా కనిపించిన సంగతి ఇది. పుస్తకం మాత్రం రెండింటినీ కలిపేసింది.

సినిమాల్లో సైన్సు తప్పులు లెక్కపెట్టే మనం ముందు ఈ తప్పు చూడాలి. తెర మీది తప్పుని పిల్లవాడు ప్రశ్నిస్తాడు. పుస్తకంలోని తప్పుని బట్టీపడతాడు, ఎందుకంటే అక్కడ ప్రశ్నకి మార్కుల్లేవు.

5

ఇదంతా పాతకాలపు ముచ్చట, ఇప్పుడు కెమెరాలో చేసే ట్రిక్కులు ఎక్కడున్నాయి అంటారు. ఎలా తీశారని ఇవాళ ఏ పిల్లవాణ్ణడిగినా ‘గ్రాఫిక్స్’ అంటాడు, అంతటితో సంభాషణ అయిపోతుంది. ఈ అభ్యంతరంలో బలం ఉంది. ‘మాయ’ అంటే ఆగిపోయిన చోటే ‘గ్రాఫిక్స్’ అన్నా ఆగిపోతున్నాం. అయితే ఆగాల్సిన అవసరం లేదు. ‘బాహుబలి’ జలపాతంలాంటి దృశ్యంలో నీటిని కంప్యూటరు ఊరికే గీయదు. నీటిని కోట్ల ముక్కలుగా చేసి, ప్రతి ముక్క మీదా పనిచేసే బరువు, ఒత్తిడి, జిగట లెక్కకట్టి, మరుక్షణం అది ఎక్కడుంటుందో తేలుస్తుంది. ఆ సమీకరణాలు నేవియర్, స్టోక్స్ 19వ శతాబ్దంలో రాసినవి. న్యూటన్ రెండో సూత్రమే వాటికి పునాది. పొగ, మంట, చీర కొంగు, జుట్టు, అన్నిటికీ ఇలాంటి లెక్కలే. హీరోగారి తన్నుకి న్యూటన్ వర్తించకపోయినా, ఆ తన్నుకి లేచిన దుమ్ముకి వర్తిస్తున్నాడు. హైదరాబాదులో ఈ పని చేసే స్టూడియోలున్నాయి. ఇంజనీరింగు కాలేజీల్లో వెక్టర్లు ఎందుకు చదవాలి సార్ అని అడిగే పిల్లలకి ఆ స్టూడియోలోని ఒక్క కంప్యూటరు తెర చూపిస్తే చాలు.

2014లో వచ్చిన ‘ఇంటర్‌స్టెల్లర్’ ఈ విషయంలో ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. మూడేళ్ల తర్వాత నోబెల్ అందుకున్న కిప్ థోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త ఇచ్చిన సమీకరణాలతో గ్రాఫిక్స్ బృందం కృష్ణబిలాన్ని చూపించింది. అసలు లెక్క ప్రకారం ఆ వెలుగు వలయంలో మనవైపు తిరిగి వచ్చే పక్క బాగా ప్రకాశంగా, అవతలి పక్క మసకగా ఉండాలి. ప్రేక్షకులు తికమకపడతారని దర్శకుడు నోలన్ ఆ తేడాని తీసేయించాడు. తీసేశామన్న సంగతి, తీయకపోతే ఎలా ఉండేదన్న బొమ్మతో సహా, థోర్న్ బృందం తర్వాత శాస్త్ర పత్రికలో అచ్చువేసింది. 2019లో నిజమైన కృష్ణబిలం చిత్రం మొదటిసారి బయటికొచ్చినప్పుడు దాని వలయం ఒక పక్క ఎక్కువ ప్రకాశంగానే ఉంది. సినిమా నిజాన్ని మార్చింది, మార్చానని చెప్పింది, ఎంత మార్చిందో వెదుక్కునేవాడికి దారి ఇచ్చింది. నేను అడిగేది ఇంతే.

దారి ఇవ్వని సాంకేతికత ఇప్పుడు వచ్చింది. 2023 నవంబరులో ఒక ప్రముఖ నటి ముఖాన్ని ఇంకెవరో అమ్మాయి శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఒకప్పుడు ‘రాముడు భీముడు’లో ఒకే మనిషి ఇద్దరుగా కనపడడానికి సగం ఫ్రేము మూసి తీసి, ఫిలిం వెనక్కి తిప్పి, మిగతా సగం తీసేవారు. మధ్యలో అతుకు ఎక్కడుందో శ్రద్ధగా చూస్తే దొరికేది. ఇవాళ కృత్రిమ మేధ చేసిన బొమ్మలో అతుకులు రోజురోజుకీ తగ్గుతున్నాయి. మరి ఎలా తీశారన్న ప్రశ్నతో ఏం లాభం అని అడిగితే, కంటితో పట్టుకునే నేర్పు ఇక ఎప్పుడూ చాలదని ఒప్పుకుంటాను. కాని ఆ ప్రశ్న అలవాటైనవాడు కన్ను ఓడిపోయిన చోట ఆగిపోడు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, మొదట ఎవరు పెట్టారు, అసలు వీడియో ఉందా అని అడుగుతాడు. అలవాటు లేనివాడు వాట్సాప్‌లో నలుగురికి పంపిస్తాడు. ఈ రోజుల్లో సైన్సు చదువు చేయాల్సిన మొదటి పని మొదటివాణ్ణి తయారుచేయడం.

6

అభ్యంతరాలు ఇంకా రెండు మిగిలాయి. మర్మం విప్పితే రసం చస్తుందన్నది ఒకటి. తెలుగు పాఠకుల అనుభవమే దీనికి జవాబు. ‘విశ్వరూపం’ పుస్తకంలో నండూరి రామమోహనరావుగారు నక్షత్రం ఎలా పుట్టి ఎలా చస్తుందో చెప్పారు. మహీధర నళినీమోహన్‌గారు, కుటుంబరావుగారి కుమారుడూ అణుశాస్త్రవేత్తా అయిన రోహిణీప్రసాద్‌గారు, ఇలా ఎందరో ఎన్నో మర్మాలు విప్పారు. వాటిని చదివినవాళ్లకి ఆకాశం చిన్నబోలేదు. ‘మాయాబజార్’ని వెన్నెల ఎలా చేశారో తెలిసినవాడు మళ్లీ చూసినప్పుడు శశిరేఖతో పాటు బార్ట్‌లీని కూడా చూస్తాడు, ఆనందం రెండింతలవుతుంది.

రెండోది గట్టి అభ్యంతరం. ఈఏపీసెట్‌కి, జేఈఈకి పొద్దున్నుంచి రాత్రిదాకా రుద్దుతుంటే ఇదంతా ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు? ప్రాక్టికల్స్ అంటేనే నిరుటి రికార్డు చూసి ఈ ఏటి రికార్డు నింపడం అయిపోయిన కాలేజీలు ఎన్నో ఉన్నాయి. రీడింగులు ముందే తెలుసు, జవాబు ముందే తెలుసు, పరికరం బీరువాలో ఉంటుంది. ఉపాధ్యాయుణ్ణి నిందించను, ఆయన మీద ఉన్న సిలబస్ భారం అలాంటిది. అందుకే కొత్త పాఠ్యాంశం చేర్చమని కోరను. ఉన్న ప్రాక్టికల్స్‌లో ఒకదాన్ని మార్చమంటాను. పరికరాలకి డబ్బు కూడా అక్కర్లేదు.

పౌరాణిక సినిమాల్లో రథం ముందుకి దూసుకుపోతుంటే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం మీరంతా చూసే ఉంటారు. చక్రానికి 12 ఆకులుంటే, అది సెకనుకి రెండు చుట్లు తిరిగితే, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య ప్రతి ఆకూ సరిగ్గా పక్క ఆకు చోటికి వస్తుంది. చక్రం ఆగినట్టు కనపడుతుంది. కాస్త నెమ్మదిస్తే ఆకు ఆ చోటికి చేరకముందే ఫ్రేము పడుతుంది, చక్రం వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. దీన్ని ఏ ఊరి బళ్లోనైనా చేయొచ్చు. గుండ్రంగా కత్తిరించిన అట్ట మీద 12 గీతలు గీసి, స్టాండు వేసిన సైకిలు వెనక చక్రానికి కట్టాలి. ఒకరు పెడలు తిప్పుతుంటే ఒకరు ఫోనులో వీడియో తీయాలి, ఇంకొకరు చుట్లు లెక్కపెట్టి టైము చూడాలి. వీడియోలో గీతలు నిలిచిపోయినట్టు కనిపించే వేగం దగ్గర ఫోను సెకనుకి 30 ఫ్రేములు తీస్తోందనుకుంటే పది చుట్లకి నాలుగు సెకన్లు పట్టాలి. వేగం అందులో సగమైతే 12 గీతల అట్ట మీద 24 గీతలు కనిపిస్తాయి. అవెక్కడి నుంచి వచ్చాయో పిల్లలే తేల్చాలి. పది చుట్లకి కొందరికి మూడున్నర సెకన్లు వస్తుంది, కొందరికి నాలుగుంబావు వస్తుంది. పెడలు ఒకే వేగంతో తిరగలేదా, టైము నొక్కడంలో ఆలస్యమైందా, ఆ ఫోను నిజంగా 30 ఫ్రేములే తీస్తోందా? ఉపాధ్యాయుడికి కూడా ముందుగా తెలియని జవాబు ఇది. వచ్చిన అంకెని దిద్దకుండా రికార్డులో అలాగే రాయించి, ఆ తేడా ఎందుకొచ్చిందో కింద సగం పేజీ రాయమని, మార్కులన్నీ ఆ సగం పేజీకే వేయాలని విద్యాశాఖ పెద్దలకి ఈ వేదిక మీద నుంచి విన్నవించుకుంటున్నాను.